మన ఫాంటసీ హీరో విలుకాడేనా, విలుకాడి వేషమా?

తాటాకు_గొడుగు
ఆన్‌లైన్‌లో వస్తున్న జానపద ఫాంటసీ సీరియళ్ళు వరసపెట్టి చదువుతుంటే ఒకటే చిరాకు. హీరో మహా విలుకాడని మొదటి పేజీలోనే రచయిత చెప్పేస్తాడు. రాజుగారు చెప్తారు, రాకుమారి చెలికత్తె చెప్తుంది, చివరికి మాంత్రికుడు కూడా ఒప్పేసుకుంటాడు. నలభై భాగాలు దాటినా ఆ మహానుభావుడు వింటికి నారి ఎక్కించగా చూడం, దించగా చూడం. ఏరు ఈదుతాడు, వానలో తడుస్తాడు, నారి కట్టిన విల్లు భుజాన తగిలించుకునే నిద్రపోతాడు, తెల్లారి లేచి ఆకాశంలో గద్దను కొడతాడు.

విల్లు తీసేసి చేతిలో వీణ పెట్టినా ఆ కథలో ఒక్క వాక్యం మారదు. అంటే అతను విలుకాడు కాదు, ఆ వేషం కట్టినవాడు. వైద్యుడైనా, రాజైనా, కమ్మరి కొడుకైనా ఇదే వరస. పాత్ర ఒంట్లోకి దిగిందని పాఠకుడికి తెలియాలంటే ఏం రాయాలి? "గురుకులంలో శిక్షణ అధ్యాయం పెట్టండి" అని మాత్రం అనకండి. అవి చదివీ చదివీ మనకే విద్యలు వచ్చేశాయి.

రాత్రిబండి
వీణ అయితే కనీసం శ్రుతి చేసుకోవాలని ఎవరో ఒకరు గుర్తుచేస్తారు. విల్లుకు ఆ దిక్కు కూడా లేదు.

జిల్లేడునార
నారి కట్టిన విల్లంటే బలవంతంగా వంచి ఉంచిన బద్ద. రోజుల తరబడి అలాగే వదిలేస్తే చెక్క ఆ వంపుకే అలవాటు పడుతుంది. తర్వాత నారి విప్పినా తిన్నగా రాదు, బాణానికి ఊపు చచ్చిపోతుంది. అందుకే పని అవగానే దించుతారు. ఎక్కించడం కూడా చేతి బలంతో అయ్యేది కాదు. నారికీ బద్దకీ మధ్య ఒక కాలు దూర్చి, కింది కొనను రెండో కాలి చీలమండకు తగిలించి, నడిమి భాగాన్ని తొడకు ఆనించి, పై కొనను ముందుకు తోస్తూ ఉచ్చును గాడిలోకి జార్చాలి. తోపు ఏ మాత్రం పక్కకు పోయినా బద్ద మెలిపడుతుంది, చేయి జారితే కొన వచ్చి మొహాన కొడుతుంది.

సభలో హీరోలు చేసే ధనుష్టంకారం ఇంకో తంటా. బాణం లేకుండా నారిని చెవి దాకా లాగి వదిలితే, బాణం పట్టుకుపోవాల్సిన శక్తి అంతా విల్లు మీదే పడుతుంది. ఒక్క దెబ్బకు చీలిపోయినా ఆశ్చర్యం లేదు. టంకారం అంటే బెత్తెడు లాగి మీటడం, అంతే.

ఇక వాన. కొమ్ము, చెక్క, స్నాయువు (కండను ఎముకకు పట్టి ఉంచే నార) జంతువుల జిగురుతో అతికించి చేసిన విల్లయితే తేమకు జిగురు మెత్తబడి పొరలు విడిపోతాయి. వెదురు విల్లుకు అంత బాధ లేదు. హీరో ఏ విల్లు పట్టాడో రచయితకు ముందు తెలియాలి. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో తాటిది కార్ముకం, వెదురుది కోదండం, చెక్కది ద్రూణం, కొమ్ముది ధనుస్సు అని వేరువేరుగా చెప్పారు. మనమేమో నాలుగూ ఒకే పేరాలో పర్యాయపదాలుగా వాడేస్తాం. నారికి మూర్వ (మన చాగ), జిల్లేడు, జనుము, వెదురు, స్నాయువు వాడమన్నారు.

లెక్క కూడా చూసుకోండి. పొదిలో 24 బాణాలుండి నిమిషానికి పన్నెండు వేస్తే రెండు నిమిషాల్లో ఖాళీ. మరి "మూడు జాముల యుద్ధం"లో మిగతా సమయమంతా ఏం చేశాడు?

సన్నజాజి
అక్షయ తూణీరాలు ఎందుకు పుట్టాయో ఇప్పుడు అర్థమైంది 😀

హాస్యం పక్కనపెడితే, నాకు మీ వాదన నచ్చలేదు. ఇది నవలా, ఐటీఐ పాఠమా? చాగ నారా జిల్లేడు నారా అన్నది చదివేవాళ్ళలో ఎంతమందికి కావాలి? నాకు హీరో మనసు కావాలి.

తాటాకు_గొడుగు
@సన్నజాజి నారి పేరు అక్కర్లేదండీ. కానీ గుడిసెలోకి రాగానే, ఎవరితోనూ మాట్లాడకముందే, అలవాటుగా నారి దించాడనుకోండి. అది మనసు కాదా? అదే మనిషి ఆ రోజు దించడం మరిచిపోయాడని రాస్తే, అతను ఎంత కలతలో ఉన్నాడో ఇంకో ముక్క రాయకుండానే తెలిసిపోతుంది.

సన్నజాజి
సరే, ఇది బావుంది. కానీ పాఠకుడికి మొదటి అలవాటు తెలిస్తేనే రెండోది పనిచేస్తుంది. దానికి ముందు మూడు సార్లయినా చూపించాలి.

రాత్రిబండి
మూడు సార్లు చూపిస్తే నాలుగోసారికి ఐటీఐ సర్టిఫికెట్టు.

పాత_పందిరి
వేషం అన్న మాటను ఇక్కడ తిట్టులా వాడుతున్నారు. వేషం కట్టడం ఎంత పనో చూడండి. పద్యనాటకంలో భీముడి గద పైన వెండిరంగు, లోపల డొల్ల. కిలో కూడా తూగదు. బరువంతా నటుడి ఒంట్లోంచి రావాలి. ఎత్తే ముందు పాదాలు ఎడం చేయాలి, మోకాలు కొద్దిగా వంచాలి, భుజం కంటే ముందు నడుము కదలాలి. ఎత్తిన ఊపిరిలోనే పద్యం అందుకోకూడదు, అందుకుంటే బరువు లేదని తెలిసిపోతుంది. దించేటప్పుడు ఇంకా జాగ్రత్త. నేలకు గట్టిగా తగిలిందా, డొల్ల చప్పుడు వెనక వరస దాకా వినిపిస్తుంది. కాబట్టి బెత్తెడు పైనే ఆపి, మెల్లగా ఆనించాలి.

మన సీరియల్ హీరోలు పది కిలోల ఖడ్గాన్ని పుల్లలా తిప్పుతారు. ఒంటి చేత్తో వాడే నిజమైన కత్తి కిలో, కిలోంబావు. అంటే స్టేజి మీద లేని బరువును నటుడు పుట్టిస్తున్నాడు, పేజీలో ఉన్న బరువును రచయిత మాయం చేస్తున్నాడు. వీళ్ళిద్దరిలో ఎవరిది నటన, ఎవరిది మోసం?

కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామను చూసినవాళ్ళెవరూ "వేషమేలే" అని తీసిపారేయలేదు. మగవాడని తెలిసే చూశారు, భామనే చూశారు.

బృహన్నల_గజ్జె
ఈ చర్చ మొత్తం విరాటపర్వంలో ఎప్పుడో జరిగిపోయింది. తిక్కన తన పదిహేను పర్వాలను అక్కడే మొదలుపెట్టడం నాకైతే ఊరికే అనిపించదు. ఏడాది పాటు ఆరుగురు తాము కానిది నటించాలి, పట్టుబడితే మళ్ళీ పన్నెండేళ్ళు అడవి.

అర్జునుడికి వచ్చిన మొదటి ఇబ్బంది చూడండి. ఆట నేర్పడం కాదు, పాట కాదు, నడక కూడా కాదు. రెండు చేతుల మీదా నారి రాసుకుని కాసిన కాయలు. వాటిని దాచడం కష్టమని అన్నగారితో తనే చెప్తాడు. శంఖు గాజులు తొడుక్కున్నది అందుకు. అలంకారం కోసమనుకుంటాం, అసలు పని కప్పిపెట్టడం. రెండు చేతులకూ ఎందుకంటే సవ్యసాచి కాబట్టి. విలుకాడు అనే పాత్ర అతని చర్మం మీద అచ్చు పడిపోయింది, కొత్త పాత్ర దాని మీద తొడుగు. తాటాకు_గొడుగు గారు అడిగిన "ఒంట్లోకి దిగడం" అంటే ఇదే.

నారి సంగతి కూడా అక్కడుంది. జమ్మిచెట్టు మీద ఆయుధాలు దాచే ముందు పాండవులు ఒక్కొక్కరే తమ వింటి నారి విప్పుతారు. ఏడాది దాకా ముట్టుకోరు కదా మరి. ఆ మూటను శవంలా కట్టి, నూట ఎనభై ఏళ్ళ మా అమ్మ అని దారిన పోయేవాళ్ళకు చెప్తారు.

జిల్లేడునార
@బృహన్నల_గజ్జె అదే పర్వంలో తిరుగు ప్రయాణం కూడా వరసగా ఉంది. గాజులు తీసేస్తాడు, తోలు కవచాలు చేతికి కట్టుకుంటాడు, జుట్టు తెల్లబట్టతో బిగిస్తాడు, అప్పుడు గాండీవానికి నారి ఎక్కిస్తాడు. ఇతిహాసాల్లో విలుకాళ్ళకు ఉడుము తోలు వేలితొడుగులు చెప్తారు. అవి లేకపోతే పది బాణాలకే వేళ్ళు బొబ్బలెక్కుతాయి. మన హీరోల వేళ్ళు మాత్రం తామర రేకులు.

కొలిమితిత్తి
అందరూ విల్లు కాడ్నే ఆగిండ్రు. కమ్మరోళ్ళ హీరో సంగతి నేను చెప్త. పట్టపగలు, ఎర్రటి ఎండల, ఆరుబయట కత్తి కాలుస్తుంటడు. గట్ల కాదన్నా. కొలిమి కాడ చీకటి ఉండాలె. ఇనుము ఎంత కాగిందో రంగు చూసే తెలుసుకోవాలె గద, ఎండల ఆ రంగు కనవడదు.

ఇగ "మేలిమి ఉక్కును తెల్లగ కాల్చి సమ్మెటతోని బాదిండు" అని రాస్తరు. ఆడికే ఆ కత్తి కథ ఖతం. మన దిక్కు మూసల (ఉక్కు కరగవెట్టే మట్టి ముంతల) చేసిన ఉక్కుల కార్బన్ ఒకటిన్నర శాతం దాక ఉంటది. అసొంటి ఉక్కును మితిమీరి కాల్చి కొడితే బెల్లం గడ్డ పగిలినట్టు పగులుతది. చెర్రీపండు రంగు కాడ పట్టుకారుతోని తీసి, దాగలి మీద చిన్న దెబ్బలు కొట్టుకుంట, సల్లారంగనే మళ్ళ కొలిమిల పెట్టాలె. తొందరపడేటోడు చెయ్యలేడు. హీరో ఓపిక గలోడని వేరే చెప్పుడెందుకు, గిది చూపెడితే సాలు.

మూసల ఇనుప ముక్కలతోని పాటు తంగేడు చెక్క పేళ్ళు, జిల్లేడాకు ఏసి మట్టితోని మూత మూసేది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా యాపారులు వచ్చేటోళ్ళు.

రాత్రిబండి
నారికీ జిల్లేడే, ఉక్కుకీ జిల్లేడే. ఈ థ్రెడ్‌లో అసలు హీరో దొరికాడు.

గుర్రపుడెక్క
నా వంతు. "మూడు పగళ్ళు, మూడు రాత్రులు ఆగకుండా దౌడు తీయించాడు" అన్న వాక్యం రాసినవాడి హీరో రౌతు కాదు, గుర్రాన్ని చంపినవాడు. పూర్తి దౌడు కొద్ది కిలోమీటర్లే. రోజంతా సాగాలంటే నడక, మధ్యలో కాస్త పరుగు, ఎక్కుడు దారిలో దిగి పక్కన నడవడం. నడక గంటకు ఆరేడు కిలోమీటర్లు, రోజుకు నలభై యాభై. మర్నాడూ అదే గుర్రం కావాలంటే ఇంతే.

దిగగానే రౌతు చేసే పనులకు వరస ఉంది. జీను పట్టీ వదులు చేయాలి, చెమట ఆరేదాకా మెల్లగా నడిపించాలి, వీపు మీద జీను ఒరిసిన చోట్లు తడిమి చూడాలి, నాలుగు డెక్కలూ ఎత్తి రాళ్ళు గీకి తీయాలి. ఒక్క చిన్న రాయి చాలు, పొద్దున్నకి కుంటుతుంది. రోజుకు పాతిక నుంచి నలభై లీటర్ల నీళ్ళు తాగుతుంది, కాబట్టి మజిలీ ఎక్కడో నిర్ణయించేది హీరో కాదు, బావి. ఉలవలు నానబెట్టో ఉడికించో పెట్టాలి. అలసిన గుర్రానికి ఒకేసారి దాణా కుమ్మరిస్తే కడుపులో శూల వచ్చి పడిపోతుంది.

ఇవన్నీ అయ్యాక తన అన్నం. పాత్రలో ఉన్నాడా లేదా అన్నది ఆ "అయ్యాక" అన్న మాటలో ఉంది.

సన్నజాజి
మీరందరూ కలిసి ఒక విషయం దాటేస్తున్నారు. ఫాంటసీలో హీరోకి వరం ఉంటుంది. అమ్మవారు ప్రత్యక్షమై "నువ్వే లోకరక్షకుడివి" అంటుంది. కాయలు కాయకుండానే విద్య వచ్చేస్తుంది. అప్పుడు మీ డెక్కలు, మూసలు ఎందుకు పనికొస్తాయి?

బృహన్నల_గజ్జె
వరం చేతికి ఆయుధం ఇస్తుంది, ఒంటికి అలవాటు ఇవ్వదు. అలవాటు ఎలా పట్టిస్తుందో కర్ణుడి దగ్గర చూడండి. బ్రాహ్మణుడినని చెప్పి పరశురాముడి దగ్గర చేరాడు. గురువు తన ఒడిలో తలపెట్టి నిద్రపోతుంటే పురుగు తొడ తొలిచింది. కదిలితే గురువు లేస్తాడని నెత్తురు కారుతున్నా కదల్లేదు. లేచిన గురువు అడిగిన ప్రశ్న ఒక్కటే. ఇంత నొప్పి ఓర్చుకున్నవాడివి బ్రాహ్మణుడివి ఎలా అవుతావు, నిజం చెప్పు అని.

నటన చేతకాక దొరికిపోలేదు. ఒక్క కేక పెట్టి ఉంటే వేషం నిలిచేది. శిష్యుడి పాత్రను ప్రాణం పెట్టి నిలబెట్టాడు, బ్రాహ్మణుడి పాత్ర ఊడిపోయింది. రెండు పాత్రలు ఒకే ఒంట్లో కొట్టుకునే చోటు దొరికితే రచయితకు అంతకంటే ఏం కావాలి?

తాటాకు_గొడుగు
ఇది నేను అడిగిన దానికంటే పెద్ద జవాబు. అంటే "నిజంగా ఉన్నాడా, నటిస్తున్నాడా" అని ఒకే పాత్రను పట్టుకుని అడగడమే తప్పేమో.

పాత_పందిరి
అందుకే మాయాబజార్ (1957) శశిరేఖ ఇప్పటికీ తరగని గని. సావిత్రిగారు శశిరేఖ, మళ్ళీ ఆవిడే శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడు. రెండోదాంట్లో ఆవిడ ఎస్వీ రంగారావుగారి నడకను, చూపును పట్టుకోవాలి, పట్టుకుంటూనే "శశిరేఖలా నటించబోయి మరిచిపోతున్న రాక్షసుడు" కావాలి. సిగ్గుపడే చోట భుజం లేస్తుంది. వేషం జారే క్షణాలు ఎక్కడెక్కడ పెట్టాలో ఆ సినిమా చూసి లెక్క రాసుకోవచ్చు.

కొలిమితిత్తి
ఏకలవ్యుని సంగతి ఎవ్వరు తీయలే?

జిల్లేడునార
@కొలిమితిత్తి అన్నా, మంచి చోట పట్టుకున్నారు. నారిని మూడు వేళ్ళతో లాగే పద్ధతిలో బొటనవేలికి పెద్ద పనే లేదు. ద్రోణుడు బొటనవేలే అడిగాడంటే లాగడంలో ఆ వేలికి ముఖ్యమైన పని ఉందన్నమాట. బొటనవేలిని నారికి కొక్కెంలా వేసి, చూపుడువేలితో దాన్ని అదిమిపెట్టే పద్ధతి ఆసియాలో చాలాచోట్ల ఉంది. దానికి ఉంగరం తొడుగుతారు, బాణం వింటికి కుడి పక్కన ఆనుతుంది. మన సీరియల్ కవర్ బొమ్మల్లో అందరూ మూడు వేళ్ళతో లాగుతుంటారు, బాణం ఎడం పక్కన. ఆ పద్ధతిలో గురుదక్షిణ ఇచ్చినా నష్టం పెద్దగా లేదు!

ఆదిపర్వం ఏకలవ్యుడు తర్వాత విల్లు పట్టలేకపోయాడని అనదు. మిగిలిన వేళ్ళతోనే వేశాడు, మునుపటి వేగం మాత్రం రాలేదు అంటుంది. విల్లు తెలిసినవాళ్ళు చెప్పిన మాటలా ఉంటుంది అది.

ఇంకో సాక్ష్యం. ఇంగ్లండు యుద్ధనౌక మేరీ రోజ్ 1545లో మునిగింది, 1982లో పైకి తీశారు. అందులో వందకు పైగా నిడుపాటి విళ్ళు దొరికాయి. లాగడానికి 45 నుంచి 80 కిలోల దాకా బలం కావాలని అంచనా. దొరికిన అస్థిపంజరాల్లో మామూలు కంటే ఎక్కువమందికి భుజఫలకం (భుజం వెనక పలక ఎముక) కొన ఎముక అతుక్కోకుండా విడిగా ఉండిపోయింది. చిన్నప్పటి నుంచి బరువైన విల్లు లాగినందువల్లనే అని పరిశోధకులు భావిస్తున్నారు. పేరు పోయింది, ఊరు పోయింది, విలుకాడన్నది మాత్రం ఎముకలో మిగిలింది.

సన్నజాజి
ఎముక మాట విన్నాక కాస్త వెనక్కి తగ్గుతున్నా. పూర్తిగా కాదు. రాజు పాత్రకి ఏం చేస్తారు? కాయలు కాసే పని కాదు కదా. సింహాసనం మీద కూర్చోవడమే.

గుర్రపుడెక్క
కూర్చుంటే కాయలు కాసేది ఎక్కడో ఇక్కడ రాయలేను.

బృహన్నల_గజ్జె
@సన్నజాజి రాజుకి దినచర్యే కొలిమి. అర్థశాస్త్రం పగటిని ఎనిమిది, రాత్రిని ఎనిమిది భాగాలు చేసింది. ఒక్కోటి గంటన్నర. పొద్దున్నే రక్షణ ఏర్పాట్లు, ఆదాయవ్యయాలు. తర్వాత ప్రజల వ్యవహారాలు. స్నానం, భోజనం, చదువు మూడో భాగంలో. ఏనుగులు, గుర్రాలు, రథాలు, సైనికులను చూసుకోవడం ఏడో భాగంలో. రాత్రి నిద్రకు నాలుగు, అయిదు భాగాలే. అంటే మూడు గంటలు. జనానికి దర్శనం ఇవ్వని రాజు చేత దగ్గరివాళ్ళు చేయాల్సినవీ చేయకూడనివీ తలకిందులు చేయిస్తారని కూడా ఉంది. మీ రాజు పాత్ర నిలవాలంటే అతను నిద్ర చాలక ఒక తప్పు తీర్పు చెప్పాలి, అంతే.

విరాటుడి కొలువులో అందరికంటే పేలవంగా నటించింది కూడా రాజే. కంకుభట్టు. ఉత్తరుడు గెలిచాడని విరాటుడు మురిసిపోతుంటే, బృహన్నల సారథిగా ఉంటే గెలవడా అని ఊరుకోకుండా అంటూనే ఉన్నాడు. మొహాన పాచికల దెబ్బ తగిలింది. ధర్మరాజు కాబట్టి నిజం దగ్గర నోరు ఆగలేదు. నెత్తురు నేల మీద పడకుండా ద్రౌపది గిన్నె పట్టింది.

రాత్రిబండి
నటన తెలిసింది ఒక్క ఉత్తర కుమారుడికే. గుమ్మం దాటే దాకా పరమవీరుడు.

బృహన్నల_గజ్జె
ఉత్తర కుమార ప్రగల్భాలు అని సామెత చేసి అతనికి అన్యాయం చేశాం. ఆడవాళ్ళ ముందు కోతలు కోశాడు, నిజమే. సేనను చూసి రథం దూకి పారిపోయాడు, అదీ నిజమే. జడ ఎగురుతుండగా వెంటపడి జుట్టు పట్టి లాక్కొచ్చిన బృహన్నల, తను అర్జునుణ్ణని చెప్తే ఉత్తరుడు వెంటనే నమ్మేశాడా? అర్జునుడి పది పేర్లు చెప్పమన్నాడు. పేర్లు విని, ఒక్కోదానికి కారణం అడిగాడు. వేషం చూసి మోసపోని మొదటి మనిషి అతనే. తర్వాత పగ్గాలు పట్టి, ఆ మొత్తం యుద్ధంలో రథం నడిపాడు.

కురుక్షేత్రంలో మొదటి రోజునే ఏనుగెక్కి శల్యుడి మీదికి వెళ్ళాడు. అక్కడే పోయాడు. ఈసారి పారిపోలేదు. నటించి నటించి వీరుడయ్యాడా, ఒక్క పూట సారథ్యంతో అయ్యాడా, వ్యాసుడు తేల్చలేదు.

తాటాకు_గొడుగు
ఇదంతా చదివాక నేను తిట్టిన సీన్‌నే తిరగరాసి చూశా. తప్పులు చెప్పండి.

"గుడిసె తడిక తోసుకుని లోపలికి వచ్చాడు. ముసలామె ఏదో అడిగింది. జవాబు చెప్పకుండా విల్లు కాలికి ఆనించి నారి విప్పాడు. విప్పిన నారిని చుట్ట చుట్టి తలపాగాలో దోపుకున్నాడు. అప్పుడు ఆమె వైపు తిరిగి, 'వాళ్ళు వస్తున్నారవ్వా' అన్నాడు."

సన్నజాజి
నాకు నచ్చింది. నారి పేరు చెప్పనందుకు ఇంకా నచ్చింది.

జిల్లేడునార
నారి మొత్తం విప్పనక్కర్లేదు. పై కొన గాడి నుంచి ఉచ్చు జారిస్తే చాలు, కింది కొనకు ఉండిపోతుంది. పూర్తిగా తీసి తలపాగాలో పెట్టాడంటే బయట వాన పడుతూ ఉండాలి. ఇంకో పెద్ద తప్పు. "వాళ్ళు వస్తున్నారు" అని తెలిసినవాడు నారి దించడు, ఎక్కిస్తాడు.

గుర్రపుడెక్క
వాళ్ళు గుర్రాల మీద వస్తుంటే ఇంకా టైముంది. బావి ఎంత దూరం?

తాటాకు_గొడుగు
బావి పెట్టలేదు. వాన పెడతా. వాక్యం తిరగేస్తా, నారి ఎక్కిస్తాడు.

కొలిమితిత్తి
వాన పెడితే ఏది ఎక్కిస్తడు అన్నా, తలపాగలదా, తడిసిందా?

జిల్లేడునార
తలపాగాలోదే. అందుకే కదా అక్కడ దాచింది. ముందు భాగాల్లో హీరోకి తలపాగా ఉందా?

తాటాకు_గొడుగు
కిరీటం ఉంది.